ఎడమ చెయ్యి ఎత్తినవాళ్లు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. హోదా పాతదే: లెక్చరర్, ఇంగ్లీషు బోధనా పద్ధతులు. పనీ పాతదే. బి.ఎడ్. చదివేవాళ్లకు, అంటే రేపు హైస్కూళ్లలో ఇంగ్లీషు టీచర్లు కాబోయేవాళ్లకు, పాఠం ఎట్లా చెప్పాలో నేర్పడం. కొత్తది ఒక్కటే. ఆ ఏటి నుంచి ఏడాది కోర్సు రెండేళ్లయింది. రెండేళ్లు చదివితే రెండింతలు నేర్చుకుంటారని పైవాళ్లు అనుకున్నట్టున్నారు. మావాళ్లు రెండింతలు రికార్డులు రాశారు. నేను చెప్పబోయేది ఆ రెండేళ్ల కోర్సులో రెండో బ్యాచ్ సంగతి.

ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. కాగితాల మీద వాళ్లను ఛాత్రోపాధ్యాయులు అంటాం, నోటితో ట్రైనీలంటాం. మొదట కాలేజీలోనే తోటి ట్రైనీలను పిల్లలుగా కూర్చోబెట్టి కొద్ది నిమిషాల పాఠాలు చెప్తారు. దీనికి సూక్ష్మబోధన అని పేరు. మీసాలొచ్చిన మనుషులు "యెస్ టీచర్" అంటూ లేచి నిలబడటం చూసి నవ్వు ఆపుకోవడం నాకు చాలా ఏళ్లకు గానీ అలవాటు కాలేదు. ఆ తర్వాత ఊళ్లలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లకు నెలల తరబడి ఇంటర్న్‌షిప్‌కు పంపుతాం. చాపలా చుట్టుకునే బోర్డు చంకలో, చార్టులు చేతిలో పట్టుకుని బస్సెక్కేవాళ్లు కనిపిస్తే పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, కండక్టర్లు కూడా బి.ఎడ్. వాళ్లని గుర్తుపట్టేవాళ్లు. చెప్పే ప్రతి పాఠానికీ ముందే పాఠ్యపథకం రాయాలి, దాని మీద నేను సంతకం పెట్టాలి. అన్నీ అయ్యాక ఫైనల్ లెసన్. దాన్ని చూసి మార్కులు వేయడానికి వేరే కాలేజీ నుంచి ఒకరు వస్తారు. ఆయన ఎక్స్‌టర్నల్. పక్కన కూర్చునే నేను ఇంటర్నల్. ఇద్దరూ వేస్తారు గానీ, మాట చెల్లేది ఎక్స్‌టర్నల్‌దే.

వ్యాకరణం చెప్పడం ఎవరికైనా నేర్పొచ్చు. కథ చెప్పడమూ కొంతవరకు నేర్పొచ్చు. పద్యం దగ్గరే నాకు ఓపిక పోయేది. మన హైస్కూళ్లలో ఇంగ్లీషు పద్యం ఎట్లా చచ్చిపోతుందో చూడాలంటే ఏ ఊరికి వెళ్లినా చూడొచ్చు. టీచరు ఒక పాదం చదువుతాడు, దాని తెలుగు చెప్తాడు, పిల్లలు గైడులో దాన్ని వెతుక్కుంటారు, తర్వాతి పాదానికి పోతాడు. గంట కొట్టేసరికి పద్యం అయిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. నేను నేర్పిన పద్ధతి వేరు. మొదట పుస్తకాలు మూయించి, పద్యాన్ని గొంతెత్తి చక్కగా చదవాలి. దీన్ని ఆదర్శ పఠనం అంటారు. పిల్లలు ఊరికే వినాలి. రెండోసారి పుస్తకం తెరిచి చదవాలి. అప్పుడు కూడా అర్థం చెప్పొద్దు, అడగాలి. వాళ్ల ఇంట్లో, వాళ్ల వాకిట్లో ఉన్నదేదో ఆ పద్యంలో వాళ్లకే కనబడాలి. ఇవన్నీ నేను బోర్డు మీద రాసేదాన్ని, వాళ్లు రాసుకునేవాళ్లు. పరీక్షలో ప్రశ్న వస్తే చక్కగా రాసేవాళ్లు కూడా.

ఫైనల్ లెసన్‌కు మాత్రం వేరే పద్ధతి ఉంది. అది సిలబస్‌లో లేదు, ఏ లెక్చరరూ చెప్పడు, కానీ సీనియర్లు జూనియర్లకు నేర్పే మొదటి విద్య అదే. వారం ముందే అదే తరగతికి అదే పాఠం చెప్పి పెట్టుకుంటారు. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఏం చెప్పాలో అన్నీ ఖాయం. పరీక్ష రోజున ప్రశ్న అడగ్గానే తరగతిలో ఉన్న ప్రతి చెయ్యీ పైకి లేవాలి. తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లో ఒకరిని లేపుతుంది. వెనక కుర్చీలో కూర్చున్న ఎక్స్‌టర్నల్‌కు అన్నీ చేతులే కనబడతాయి. ఆయనా ఒకప్పుడు ఇట్లాగే ఫైనల్ లెసన్ గట్టెక్కినవాడే కాబట్టి, ఏ చెయ్యి ఏమిటో ఆయనకు తెలియక కాదు. అందరికీ తెలిసి అందరూ సంతోషించే పని ఇది. నేను మొదట్లో దీన్ని మాన్పించాలని గట్టిగానే చెప్పాను. వాళ్లు "సరే మేడం" అనేవాళ్లు. పరీక్ష రోజు చేతులు లేచేవి.

శివలీల ఆ బ్యాచ్‌లో ట్రైనీ. మక్తల్ దాటి కృష్ణ వైపు వెళ్లే దారిలో ఒక పల్లె వాళ్లది. కురువోళ్లు, గొర్లున్న ఇల్లు. గురుకుల పాఠశాలలో చదువుకుంది. మాట తక్కువ, ఆ తక్కువలోనూ కొంత కన్నడ యాస కలిసేది. సూక్ష్మబోధనలో ఆమెకు ఎప్పుడూ గొప్ప మార్కులు రాలేదు, ఎందుకంటే నటించడం రాదు. కానీ పద్యం చదివితే మాత్రం నేను పెన్ను పక్కన పెట్టేదాన్ని. ఎక్కడ ఆగాలో ఆ పిల్లకు తెలుసు. ఆగడం నేర్పడం చాలా కష్టం. ట్రైనీకి తరగతిలో నిశ్శబ్దం అంటే భయం, ఏదో ఒకటి మాట్లాడి దాన్ని నింపేస్తారు. శివలీలకు ఆ భయం లేదు. మందను తోలేటప్పుడు తొందరపడితే చెదిరిపోతాయి మేడం అని ఒకసారి అంది.

వాళ్ల బాపు ఆమెను బి.ఎడ్.లో చేర్పించినప్పుడే షరతు పెట్టాడు. ఇది ఒక్కటే, ఒకసారే. తప్పితే మళ్లీ పంపేది లేదు. ఆయన చెడ్డవాడు కాడు. ఇంట్లో ఆమె తర్వాత ఇంకా ఇద్దరున్నారు, మంద వెంట తిరగడానికి మనిషి లేడు. ఫైనల్ లెసన్ తప్పితే ఏడాది పోతుంది, ఏడాది పోతే శివలీల చదువు పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

దీపావళి దాటాక మూడో సెమిస్టర్ చివర్లో ఫైనల్ లెసన్లు పెట్టారు. శివలీలను, ఇంకొందరిని ఇంటర్న్‌షిప్‌కు అంతకుముందే మక్తల్ వైపు ఒక హైస్కూల్‌కు వేశారు. ఆమె ఎంచుకున్నది తొమ్మిదో తరగతిలో ఒక చిన్న పద్యం. ఒక ఇంట్లోవాళ్లు తెల్లవారకముందే తాళం వేసి వెళ్లిపోతారు. ఎందుకు వెళ్లారో కవి చెప్పడు. వాళ్లు వెళ్లాక ఇంటి లోపల ఏం జరుగుతుందన్నదే పద్యం. చివరి నాలుగు పాదాల్లో ఇల్లే మాట్లాడుతుంది. ఈ పద్యం వద్దు, తేలికైనది తీసుకోమని తోటివాళ్లు ఆమెకు చెప్పారట. పాఠ్యపథకం తెచ్చినప్పుడు నేనూ ఒక మాట అడిగాను, ఇదెందుకని. "గీ పిల్లలకు తాళాలు తెలుసు మేడం" అంది. నిజమే. ఆ ఊళ్లల్లో దసరా దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. బొంబాయికో, పుణెకో కూలికి పోతారు. మళ్లీ వానలు పడేటప్పటికి వస్తారు. పిల్లల్ని కొందరు అవ్వల దగ్గర వదిలి పోతారు, కొందరు వెంట తీసుకుపోతారు. నేను సంతకం పెట్టాను.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన పేరు వాసుదేవ్ అనుకుందాం. రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, నాలాగే నల్లగొండ వైపువాడు, మంచి మాటకారి. ఎవరినీ ఫెయిల్ చేసిన చరిత్ర లేదు. పొద్దున రెండు పాఠాలు చూశాం. చేతులు లేచాయి, జవాబులు వచ్చాయి. రెండో పాఠంలో ఒక పిల్లవాడు టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేశాడు. వాసుదేవ్ గారు నా వైపు చూసి నవ్వారు, మార్కులు మంచివే వేశారు. మూడోది శివలీలది, తొమ్మిదో తరగతి ఎ సెక్షన్‌లో.

ఆమె బోర్డు విప్పి గోడకు తగిలించింది, పుస్తకాలు మూయించింది, పద్యం చదివింది. బాగా చదివింది. రెండోసారి చదివింది. మొదటి ప్రశ్నలు తేలికవి, కుడి చేతులవాళ్లు లేచి ఇంగ్లీషులో చెప్పారు. అంతా దారిన పోతోంది. తర్వాత ఆమె, మనుషులు వెళ్లిపోయాక ఇల్లు ఏం చేసింది అని ఇంగ్లీషులో అడిగింది. అన్ని చేతులూ లేచాయి. ఖాయం చేసుకున్న పిల్ల ముందు బెంచీలో కుడి చెయ్యి ఎత్తి, లేవడానికి సిద్ధంగా ఉంది. శివలీల ఆ పిల్లను చూడలేదు. తలుపు పక్కన చివరి వరుసలో, ఎడమ చెయ్యి ఎత్తిన ఒక అమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. మణెమ్మ.

తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఎడమ చెయ్యిని అడగడం ఆ పిల్లలు ఎన్నడూ ఎరగరు. మణెమ్మ లేచి నిలబడింది. బక్కగా, పొడుగ్గా ఉన్న పిల్ల. శివలీల చాక్‌పీసు చేతిలో పట్టుకుని నిలబడింది. ప్రశ్న మళ్లీ అడగలేదు, మాట అందించలేదు, ఇంకొకరిని లేపలేదు. వాసుదేవ్ గారు గడియారం చూసుకున్నారు. ఇంకొకరిని అడుగు తల్లీ అని మనసులో అనుకున్నాను.

కాసేపటికి మణెమ్మ తెలుగులో చెప్పింది. "ఇల్లు ఏం జేస్తది టీచర్. గట్లనే ఉంటది. మేం బొంబాయి పోయేటప్పుడు మా అమ్మ పొయ్యి అలికి ముగ్గేసి తాళమేస్తది. మల్ల వచ్చి తీస్తె గా ముగ్గు గట్లనే ఉంటది. తొక్కెటోళ్లు ఎవరుంటరు." అంతే చెప్పి కూర్చోబోయింది. శివలీల కూర్చోనివ్వలేదు. ముగ్గు అట్లాగే ఉంటే చూసినప్పుడు ఎట్లా అనిపిస్తుందని తెలుగులోనే అడిగింది. మణెమ్మ కొంచెం ఆలోచించి, "మేం పోలేదు అన్నట్టు ఉంటది" అంది.

ఆ తర్వాత తరగతి ఎవరి చేతిలోనూ లేదు. ఇంకో ఎడమ చెయ్యి లేచింది, ఈసారి నిజంగా చెప్పాలని. ఒకడు వాళ్ల కోళ్లను పక్కింట్లో ఇచ్చి పోతారని, తిరిగొచ్చేసరికి అవి పక్కింటి కోళ్లయిపోతాయని చెప్పాడు. ఒక పిల్ల వాళ్ల కుక్క బస్సు వెంట ఎంత దూరం వచ్చిందో చెప్పింది. ఖాయం చేసుకున్న జవాబుతో ముందు బెంచీలో ఉన్న పిల్ల కూడా కుడి చెయ్యి దించి, వాళ్ల ఇంటి దూలానికి కట్టిన చీర ఉయ్యాల విప్పకుండా పోయిన సంగతి చెప్పింది. అప్పుడు శివలీల పద్యంలోని ఒక పాదాన్ని నెమ్మదిగా ఇంగ్లీషులో చదివింది. ఒకరిద్దరు తలలు ఊపారు. వాళ్లకు అర్థమైంది. నేను చెప్తూ వచ్చినదంతా, ట్రైనీలు రాసుకుంటూ వచ్చినదంతా, అప్పుడు నా ముందు జరిగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకున్నాను. గంట కొట్టారు. చివరి నాలుగు పాదాలు మిగిలిపోయాయి. బోర్డు మీద తేదీ, పద్యం పేరు తప్ప ఏమీ లేదు. ఇంటిపని ఇవ్వలేదు. ముగింపు చెప్పలేదు.

స్టాఫ్ రూంలో వాసుదేవ్ గారు మార్కుల కాగితం నా ముందు పెట్టారు. పరిచయం, ప్రదర్శన, ప్రశ్నించే నైపుణ్యం, నల్లబల్ల పని, ముగింపు అని వరుసగా గడులుంటాయి. నేను వాదించాను. పాఠాన్ని పిల్లల జీవితంతో కలపాలని మనమే కదా చెప్తాం, ఇంతకంటే ఎట్లా కలుపుతారు అన్నాను. ఆయన కాదనలేదు. "మంచిగ చెప్పింది మేడం. నేను గూడ ఇన్నేండ్లల్ల గిట్లాంటి క్లాసు చూడలే. కని ఏ గడిల రాయమంటరు చెప్పుర్రి" అన్నారు. ఎక్కడ రాయాలో నేను వెతికాను. ఇంగ్లీషు క్లాసు సగం తెలుగులో నడిచింది, పాఠం పూర్తి కాలేదు, బోర్డు ఖాళీ. నిబంధన ప్రకారం మూడు గడుల్లో ఏమీ వేయడానికి లేదు. అవి ఖాళీగా ఉంటే తప్పినట్టే. నాకిష్టమొచ్చినట్టు ఎక్కువ వేస్తే ఇంటర్నల్ మార్కుకూ ఎక్స్‌టర్నల్ మార్కుకూ తేడా చూసి పైవాళ్లు నాదే తగ్గిస్తారు. అదీ నిబంధనే.

దారి ఆయనే చూపించారు. అన్నం తిన్నాక బి సెక్షన్‌లో అదే పద్యం మళ్లీ చెప్పించమన్నారు. ఇది రాతలో లేని వెసులుబాటు. ఆయన ఇవ్వనక్కర్లేదు, ఇచ్చారు. ఒక్క మాట మాత్రం అన్నారు: "ఎడమ చేతుల జోలికి పోవద్దని చెప్పుర్రి ఆ అమ్మాయికి. నా చేతుల ఒక పిల్ల ఎందుకు ఆగాలె." ఆయన మనసు మంచిదే. మా రంగంలో జరిగే చెడులో చాలా భాగం ఇట్లాంటి మంచి మనుషుల చేతుల మీదుగానే జరుగుతుంది.

శివలీల సైకిల్ స్టాండు దగ్గర ఉంది. బోర్డు చుట్టి చంకలో పెట్టుకుంది. వాళ్ల బాపు కూడా వచ్చి ఉన్నాడు. ఇంటర్న్‌షిప్ ఆ రోజుతో అయిపోతుంది కాబట్టి, కిరాయి గదిలో ఆమె పెట్టె, మంచం ఆటోలో వేసుకుని పోదామని వచ్చాడు. భుజాన గొంగడి. నన్ను చూసి ఆయన పక్కకు జరిగి, "పాసైనట్టేనా అమ్మా" అని అడిగాడు. ఇంకో పాఠం ఉంది అని చెప్పాను. ఆయన అది మామూలే అనుకున్నాడు. శివలీలకు అర్థమైంది. ఆమెను పక్కకు తీసుకెళ్లి విషయం చెప్పాను.

"మణెమ్మ చెప్పింది తప్పా మేడం" అని అడిగింది.

తప్పు కాదన్నాను.

"మరి మల్ల ఎందుకు చెప్పాలె."

పాస్ కావడానికి అన్నాను. ఇంకే మాటలూ అల్లలేదు. ఎక్స్‌టర్నల్ చెప్పిన షరతు కూడా చెప్పాను. ఆమె దూరంగా నిలబడ్డ తండ్రి వైపు ఒకసారి చూసింది. ఎందుకు ఆ పిల్లనే అడిగావని నేనడిగాను. "ఎడమ చెయ్యి అందరు సగమే లేపుతరు మేడం, అడుగరని తెలుసు గనక. మణెమ్మ నిండ లేపింది" అంది. తర్వాత "సరే మేడం" అంది. ఈ "సరే మేడం" నేను చాలామంది నోట విన్నాను. ఇది వేరేగా వినబడింది. అయినా ఈ రోజు అట్లాంటి పరిస్థితి వచ్చినా నేను అదే చెప్తాను. తప్పిన టీచరు మంద వెంట పోయేది. దానివల్ల మణెమ్మకు గానీ ఇంకెవరికి గానీ ఒరిగేది లేదు.

అన్నాల వేళ తోటి ట్రైనీలు బి సెక్షన్ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి మొత్తం సిద్ధం చేశారు. వాళ్లు ఇందులో బాగా చేయి తిరిగినవాళ్లు. మధ్యాహ్నం పాఠం ఎక్కడా తడబడకుండా నడిచింది. ఇల్లు ఏం చేసింది అని శివలీల అడిగింది. అన్ని చేతులూ లేచాయి. ఆమె కుడి చెయ్యి ఎత్తిన పిల్లవాడిని లేపింది. వాడు నవ్వుముఖంతో, ఇల్లు చాలా బాధపడుతోంది టీచర్ అని ఇంగ్లీషులో చెప్పాడు. "వెరీ గుడ్" అంది శివలీల. ఆ మాట ఆమె నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. బోర్డు నిండింది, చివరి నాలుగు పాదాలు అయిపోయాయి, ఇంటిపని ఇచ్చింది, గంట కొట్టే ముందే ముగింపు కూడా చెప్పింది.

ఎ సెక్షన్ వాళ్లకు అప్పుడు ఆటల పీరియడు. ఆడని కొందరు వరండాలో తిరుగుతున్నారు. మణెమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తోంది. ఆ ప్రశ్నా వింది, ఆ జవాబూ వింది, వెరీ గుడ్ కూడా వింది. శివలీల ఆమెను చూసింది. చూసి, చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగింది. మణెమ్మ ముఖంలో నాకు కోపం కనబడలేదు. జవాబు అదన్నమాట, నేను చెప్పింది కాదన్నమాట అని తెలుసుకున్న పిల్ల ముఖం అది. అట్లాంటి ముఖాలు బడిలో రోజూ ఉంటాయి, కాకపోతే ఆ రోజు దాని కారణం నాకు తెలుసు.

వాసుదేవ్ గారు అన్ని గడులూ నింపారు. ఆ రోజు మొత్తంలో ఎక్కువ మార్కులు శివలీలవే. తండ్రి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి, పెట్టె ఆటోలో ఎక్కించుకున్నాడు. రికార్డుల మీద చివరి సంతకాల కోసం మళ్లీ ఆ స్కూల్‌కు వెళ్లినప్పుడు మణెమ్మ గురించి అడిగాను. వాళ్లు బొంబాయి పోయినారని హెడ్మాస్టరు చెప్పాడు. పరీక్షలకు వస్తదో రాదో తెల్వదన్నాడు. తర్వాత ఆ పిల్ల సంగతి నాకు తెలియలేదు.

శివలీల ప్రైవేటు బడుల్లో కొన్నేళ్లు పనిచేసింది. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి పరీక్ష రాసి సర్కారు ఉద్యోగంలోకి వచ్చింది. నేను రిటైరై చౌటుప్పల్‌లో స్థిరపడ్డాను. ఈమధ్య పాలమూరు వైపు ఒక కాలేజీవాళ్లు ఎక్స్‌టర్నల్‌గా రమ్మన్నారు. మనుషులు దొరక్క రిటైరైనవాళ్లను కూడా పిలుస్తున్నారు. వెళ్లిన హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ శివలీల. కొంచెం ఒళ్లు చేసింది. గొంతు అదే. "మేడం మంచిగున్నరా" అని కుర్చీ తెచ్చి వేసింది. ట్రైనీల పాఠాలయ్యాక, నీ క్లాసు ఒకటి చూస్తానన్నాను. కాదనలేదు.

తొమ్మిదో తరగతి. పద్యమే. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆదర్శ పఠనం అంతే చక్కగా ఉంది. తర్వాత ప్రశ్న అడిగింది. చేతులన్నీ లేచాయి. కుడివీ, ఎడమవీ. ఆమె కుడి చేతులవాళ్లనే అడుగుతూ పోయింది. జవాబులు ఇంగ్లీషులో, పొందికగా వచ్చాయి. బోర్డు నిండింది. ఈ పిల్లను మేమే ఇట్లా చేశామా, లేక కాలం చేసిందా అనుకుంటూ కూర్చున్నాను. గంట కొట్టారు, తర్వాతి పీరియడు కూడా ఆమెదే.

వరండాలోకి వచ్చి, చేతుల సంగతి అడిగాను. ఆమె సిగ్గుపడలేదు.

"చూసెటోళ్లు వచ్చినప్పుడు కుడి చేతులు మేడం. మీరు పోయినంక తలుపేసి ఎడమ చేతులోళ్లను అడుగుత. రోజు గదే. వాళ్లకు గూడ తెలుసు, టీచర్ మల్ల మా దిక్కు వస్తదని."

అయితే నేను కూర్చుంటాను, అదే చూస్తానన్నాను. నాకు నిజంగా చూడాలనిపించింది. అంత పట్టుగా దేన్నీ అడిగిన గుర్తు లేదు.

"వద్దు మేడం. కొత్తోళ్లు ఉంటె వాళ్లు నోరిప్పరు." కాసేపు ఆగింది. ఆగడం ఆమెకు ఇప్పటికీ వచ్చు. "మీరుంటె నేను గూడ చెప్పలేను."

కోపంగా అనలేదు. అతిథికి నీళ్లిచ్చినంత మామూలుగా అంది. నా చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గది వరకు తీసుకొచ్చి, నాకు చాయ్ చెప్పి, వెనక్కి వెళ్లింది. తలుపు వేసిన చప్పుడు వినబడింది. చాలాసేపు ఆ గదిలోంచి ఏ మాటా రాలేదు. తర్వాత ఎవరో పిల్ల తెలుగులో మెల్లగా ఏదో చెప్తోంది. మాటలు తెలియలేదు. దగ్గరికి వెళ్లి వినొచ్చు, వెళ్లలేదు. చాయ్ తాగి, ట్రైనీల మార్కుల కాగితాల మీద అన్ని గడులూ నింపి, సంతకం చేసి బస్టాండుకు వచ్చేశాను.

పాఠం చెప్పడం నేర్పే ఉద్యోగంలో నా సర్వీసు గడిచింది. మేము నేర్పింది, చూసేవాళ్ల ముందు పాఠం చెప్పడం. చూసేవాళ్లు లేనప్పుడు చెప్పే పాఠం శివలీల తనంతట తానే నేర్చుకుంది, దానికి మమ్మల్ని బయటికి పంపాల్సి వచ్చింది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే: మంచి పాఠాలు చాలానే ఉంటాయి, అవి మనం వెళ్లిపోయాక జరుగుతాయి. నేను కూర్చుని ఉండగా జరిగింది ఒక్కటే, దాన్ని మళ్లీ చెప్పించాం.